కేసు లేకుండానే చీకటి పడేదాకా స్టేషన్‌లో కూర్చోబెట్టవచ్చునా?

అల్లూరు రైతుబిడ్డ:

నెల్లూరు జిల్లా అల్లూరు దగ్గర మాకు వరి పొలం ఉంది. పక్కనున్న రొయ్యల గుంటల ఉప్పునీరు మా మడుల్లోకి దిగుతోందని మా నాన్నగారు ఆ గుంటల యజమానితో గట్టు మీద వాదనకు దిగారు. మర్నాడు ఉదయమే స్టేషన్ నుంచి ఫోన్ చేసి పిలిపించారు. 63 ఏళ్ల మనిషిని బెంచీ మీద కూర్చోబెట్టి, ఆయన ఫోన్ స్టేషన్ రైటర్ (రికార్డులు రాసే పోలీసు) సొరుగులో పెట్టుకొని, చీకటి పడ్డాక "రాజీకి రాకపోతే గుంటలోకి జొరబడ్డావని కేసు కట్టి రిమాండుకు పంపుతాం" అని చెప్పి వదిలారు. ఎఫ్‌ఐఆర్ కట్టలేదు, చేతికి ఏ కాగితమూ ఇవ్వలేదు. ఇప్పుడు మళ్లీ హాజరు కావాలని వాట్సాప్‌లో సందేశం పంపారు. దీన్ని అరెస్టు అనాలా? వాళ్లకు ఇంత అధికారం ఎక్కడి నుంచి వచ్చింది? దయచేసి తెలిసినవారు చెప్పండి.

కావలి న్యాయవాది:

వెళ్లిపోతానంటే వెళ్లనివ్వని స్థితిలో మనిషిని ఉంచితే, రికార్డులో ఏమి రాసుకున్నా రాసుకోకపోయినా, అది నిర్బంధమే. మన పోలీసులు వాడుకగా చెప్పే "ఊరికే కూర్చోబెట్టాం" అనే మాటకు చట్టంలో చోటు లేదు. 24 గంటల్లోగా, ప్రయాణ సమయం మినహాయించి, మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతోంది. ఆ గడువును అరెస్టు మెమోలో వేసుకున్న సమయం నుంచి కాక, మనిషి స్వేచ్ఛను ఆపిన క్షణం నుంచి లెక్కించాలని హైకోర్టులు చెప్పాయి.

ఇక వారు బెదిరించిన కేసు సంగతి. అక్రమ ప్రవేశానికి భారతీయ న్యాయ సంహిత 329(3) కింద గరిష్ఠ శిక్ష మూడు నెలలే, పైగా అది బెయిలబుల్ నేరం. పూచీకత్తు ఇస్తామంటే స్టేషన్‌లోనే బెయిల్ ఇవ్వాలి, కాబట్టి రిమాండు మాట కేవలం భయపెట్టడానికే. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టు ఎందుకు అవసరమో కారణాలు రాసిపెట్టాలని, అవసరం లేకపోతే నోటీసు ఇచ్చి విచారించాలని 2014లో అర్నేష్ కుమార్ తీర్పులో సుప్రీంకోర్టు ఆదేశించింది. పాత సీఆర్‌పీసీ సెక్షన్ పేరుతో మనమంతా ఇప్పటికీ 41ఏ అంటున్న ఆ నోటీసు 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత 35(3) అయింది. దాన్ని వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

మీ నాన్నగారి వయసు కూడా ముఖ్యమే. శిక్ష మూడేళ్ల లోపు ఉన్న నేరంలో 60 ఏళ్లు దాటినవారిని డీఎస్పీ స్థాయి అధికారి ముందస్తు అనుమతి లేకుండా అరెస్టు చేయరాదని అదే సురక్షా సంహిత 35(7) చెబుతోంది. సాక్షిగా విచారించాలన్నా, 179వ సెక్షన్ ప్రకారం ఆయన ఇంటి దగ్గరే విచారించాలి.

ఒంగోలు, విశ్రాంత హెడ్ కానిస్టేబుల్:

న్యాయవాది గారు చెప్పినదంతా సరైనదే, అయితే ఒక్క జాగ్రత్త. రేపు సరైన పద్ధతిలో నోటీసు చేతికి ఇస్తే మాత్రం తప్పక వెళ్లాలి, ఎందుకంటే దాన్ని లెక్కచేయకపోవడమే అరెస్టుకు కారణం కావచ్చు. వెళ్లేటప్పుడు వెంట ఒక న్యాయవాదిని తీసుకెళ్లండి. ఒకవేళ అరెస్టు చేసి విచారిస్తే, విచారణ జరుగుతున్నంతసేపూ న్యాయవాదిని కూర్చోనివ్వకపోయినా, మధ్యలో కలుసుకునే హక్కును సురక్షా సంహిత 38వ సెక్షన్ ఇస్తుంది.

ఆ రోజు స్టేషన్ సీసీటీవీ దృశ్యాలను భద్రపరచమని ఎస్పీ గారికి ఇప్పుడే రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. స్టేషన్లలో కెమెరాలు ఉండాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఎన్ని గంటలకు లోపలికి వెళ్లారో, ఎన్నింటికి బయటికి వచ్చారో చూపడానికి అంతకు మించిన సాక్ష్యం మీకు దొరకదు. ఆలస్యం చేస్తే ఆ దృశ్యాలు చెరిగిపోయే ప్రమాదం ఉంది. నా సర్వీసులో నేను చూసినంతవరకు, పొలం తగాదాల్లో రాజీ పేరుతో ఇలా కూర్చోబెట్టడం వల్ల బాధపడినవాళ్లలో ఎక్కువమంది పెద్దవయసు రైతులే. ఇది నన్ను ఈనాటికీ బాధిస్తుంది.

అల్లూరు రైతుబిడ్డ:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒకవేళ నిజంగానే కేసు కడితే, పోలీసులు రాసిందే ఖాయమా?

కావలి న్యాయవాది:

కాదండీ. ఎఫ్‌ఐఆర్‌లో ఏ సెక్షన్ వేసినా అది దర్యాప్తుకు మొదలు మాత్రమే. ఛార్జిషీటు వేసినా, దాన్ని విచారణకు తీసుకోవాలో వద్దో నిర్ణయించేది మేజిస్ట్రేటే, నేరం చేశారో లేదో తేల్చేది కూడా కోర్టే. ఉప్పునీటి వ్యవహారం మాత్రం ఎస్సై తేల్చే విషయం కాదు. దానికి తహసీల్దారుకు, మత్స్యశాఖకు విడివిడిగా అర్జీలు ఇచ్చి రసీదులు తీసుకోండి, అవసరమైతే సివిల్ కోర్టులో ఇంజంక్షన్ (ఆ పని ఆపాలనే ఉత్తర్వు) దావా వేద్దాం. అర్జీలకు మడుల ఫోటోలు, పట్టాదారు పాసుపుస్తకం నకలు జతచేయడం మరువవద్దు.