‘నగరిలో నా మూల సౌధంబు’: మూలనా, మూలమా?

హన్మకొండ నుండి, ప్లాన్లు గీయడం నేర్పే శిక్షకుడు:
మా విద్యార్థుల కోసం భవనాల ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఆర్కిక్యాడ్ పాఠాలను తెలుగులో రాస్తున్నాను. అందులో గోడకైనా మెట్లకైనా ‘హోమ్ స్టోరీ’ ఉంటుంది, అంటే ఆ వస్తువు ఏ అంతస్తుకు చెందినదో అది. ఏయే అంతస్తుల ప్లానులో అది కనిపించాలన్నది వేరే అమరిక. కింది అంతస్తుకు చెందిన మెట్లను పై ప్లానులోనూ చూపవచ్చు, లిఫ్టు గోడను అది దాటిపోయే అంతస్తులన్నింటిలోనూ చూపవచ్చు. హోమ్ స్టోరీని ‘మూల అంతస్తు’ అని రాస్తే పిల్లలు ‘ఏ మూల సార్?’ అంటున్నారు. భవనానికి ‘మూల’ను ప్రధానమనే అర్థంలో చేర్చిన పద్యపాదం ఒకటి నోటిదాకా వచ్చి ఆగిపోతున్నది.

జనగామ నుండి, ఉపాధ్యాయురాలు:
పోతన గజేంద్రుని పద్యమే కదా, ‘అల వైకుంఠపురంబులో నగరిలో నా మూల సౌధంబు దాపల మందారవనాంతర...’. పోతన ఊరు బమ్మెర మాకు పొరుగే కనుక చిన్ననాటి నుండి వింటున్నాను. అయితే అది మీకు సాక్ష్యం కాదు. ‘ఆ మూల’ అని విడదీసి, నగరిలో ఆ మూలనున్న సౌధమనే మా ఇంట్లో చదివేవారు.

ములుగు నుండి, విశ్రాంత తెలుగు పండితుడు:
అమ్మా, ఆ ‘నా’ ఎక్కడ పడిందో చూడండి. మత్తేభంలో అది పద్నాలుగో అక్షరం, పాదం మొదటి అక్షరంతో స్వరం కలవాల్సిన యతి స్థానం; ‘అల’లోని అకారానికి ఈ ఆకారం యతి. ‘ఆ’ను అక్కడికి తెచ్చింది యతి అయినప్పుడు దానికి వేలుపెట్టి చూపే పని అంటగట్టనవసరం లేదు. ‘మూలసౌధము’ సమాసం, అంటే ప్రధాన సౌధం. విష్ణువును ఒక మూలకు నెట్టడం నాకు రుచించదు.

జనగామ ఉపాధ్యాయురాలు:
యతి కోసం వచ్చినంత మాత్రాన పోతన అక్షరం అర్థం లేకుండా నిలుస్తుందంటే ఒప్పుకోలేను, గురువుగారూ. ఎలా విడదీసినా గణాలు మారవు కనుక ఛందస్సు ఈ తగవు తీర్చదు. పురం, నగరి, సౌధం, మందారవనం, సరస్సు, దాని ఒడ్డు, చంద్రకాంతశిల, కలువల పాన్పు అని చూపు ఒక్కొక్క పొర దాటి లోపలికి పోతున్నది. అలా వెతుక్కుంటూ పోయే చూపుకు ‘ఆ మూల’ అన్న మాటే సహజం.

కరీంనగర్ నుండి, రెవిట్ అనే అలాంటి సాఫ్ట్‌వేర్ వాడే ఇంజనీరు:
పొరల మాట బాగున్నది గాని, కనిపించడం వేరు, చెందడం వేరు. రెవిట్‌లో ప్లాను కోత, అంటే భవనాన్ని అడ్డంగా కోసి పైనుండి చూసినట్టు ఊహించే మట్టం, సాధారణంగా అంతస్తు నేలకు 1200 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది. అంతకు పైనున్న స్నానాల గది వెంటిలేటర్ ప్లానులో కనిపించకపోయినా ఆ అంతస్తుదే అవుతుంది. ఈశాన్య మూల, ఆగ్నేయ మూల అంటూ ఇల్లు కట్టేవారి చెవికి ‘మూల’ అనగానే దిక్కే తడుతుంది. ‘పుట్టింటి అంతస్తు’ అనండి. మెట్లకు కింది అంతస్తు పుట్టిల్లు, పై అంతస్తు మెట్టినిల్లు.

హన్మకొండ శిక్షకుడు:
పుట్టింటి మాట పిల్లలకు ఇట్టే పడుతుంది. కానీ ఆర్కిక్యాడ్‌లో ఒక అంతస్తును తొలగిస్తే దానికి చెందిన వస్తువులన్నీ, పై ప్లానులో కనిపిస్తున్న మెట్లతో సహా, పోతాయి. తెలియక తొలగించి రెండు రోజుల పని పోగొట్టుకున్న విద్యార్థిని చూశాను. పుట్టిల్లు లేకపోయినా ఆడపిల్ల మెట్టినింట ఉంటుంది, వేరు తెగిన చెట్టు నిలవదు. అందుకే ‘మూలం’ అన్న అర్థాన్ని వదులుకోలేకపోతున్నాను.

ములుగు పండితుడు:
అలాగైతే సున్న నిలిపి ‘మూలంపుటంతస్తు’ అనండి, మూలతో పేచీ ఉండదు. నన్ను ఇంకా పీడిస్తున్నది మాత్రం ‘దాపల’. దాపు అంటే దగ్గర కనుక సౌధానికి చేరువనున్న వనమని చెబుతూ వచ్చాను.

పరకాల నుండి, వ్యవసాయ కుటుంబం:
మా దిక్కు నాగలికి కట్టినప్పుడు కుడిది ఎలపటెద్దు, ఎడమది దాపటెద్దు. ఆ పాదం విన్న ప్రతిసారీ మా నాయన ‘ఎడమ దిక్కు తోట’ అనేవారు. సేద్యం నడుమ బతికిన కవి ఆ మాటను దగ్గర అనే అర్థంలో వాడాడంటే నమ్మలేను.

హన్మకొండ శిక్షకుడు:
ఎద్దుల ఎడమ వెనకనుండి నాగలి పట్టినవానికీ ఎడమే. సౌధానికి ఎడమ అన్నప్పుడు లోపలినుండి బయటికి చూసేవారికా, వాకిట నిలబడి లోనికి చూసేవారికా?