తలకి దెబ్బ తగిలినవాళ్ళు ఎంతవరకు కోలుకుంటారో రక్త పరీక్షలో తెలుస్తుందా?

మా తమ్ముడు 11 రోజుల క్రితం మద్దిలపాలెం దగ్గర బండి మీద నుంచి పడ్డాడు, హెల్మెట్ లేదు. ఇంకా ఐసీయూలోనే ఉన్నాడు, పిలిస్తే కళ్ళు తెరుస్తున్నాడు కానీ మాట లేదు. మెదడుకి దెబ్బ తగిలితే రక్తంలోకి వచ్చే జీఎఫ్ఏపీ, యూసీహెచ్-ఎల్1 అనే ప్రోటీన్లు కొలిచే టెస్టుకి అమెరికాలో 2018లో అనుమతి వచ్చిందని చదివాను, కానీ అది చిన్న దెబ్బలకి సీటీ స్కాన్ కావాలా వద్దా తేల్చడానికట, అదీ 12 గంటల్లోపు తీసిన రక్తంతో, మాకు ఆ టైం ఎప్పుడో దాటిపోయింది. న్యూరోఫిలమెంట్ లైట్ అనే ఇంకో ప్రోటీన్ (నరాల కణాలు దెబ్బతింటే బయటికి వచ్చేది) మాత్రం వారాల తరబడి రక్తంలో ఎక్కువగా ఉంటుంది కదా, అది ఇప్పుడు చేయిస్తే ఆరు నెలలకి ఎలా ఉంటాడో కొంచెమైనా అంచనా వస్తుందా? వైజాగ్‌లో ఎవరైనా చేయించారా, లేక శాంపిల్ బయటికి పంపాలా? డాక్టర్ గారు ఓపిక పట్టమంటున్నారు, నిజమే, కానీ అమ్మ రోజూ "వాడు నన్ను గుర్తుపడతాడా" అని అడుగుతుంటే చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.