ఊటలు ఎండుతున్నాయి, మేత ఆపాలంటే గొడవ. ఎలా చేశారు మీరు?

అడవి మీద బతికే ఒక చిన్న ఊరి సంఘంతో పనిచేస్తున్నాను. వాన ఒక్కసారిగా కుండపోతగా కురిసి ఆగిపోతోంది. నీరు ఇంకేలోపే వాలు దిగిపోతోంది, వేసవి ముదరకముందే ఊటలు ఎండుతున్నాయి.

ఊటకు నీరందించే పై వాలులో కాంటూరు కందకాలు (వాలుకు అడ్డంగా, ఒకే ఎత్తులో సాగే కందకాలు) తవ్వాలని, అక్కడే కొంత భాగంలో మేత ఆపి, నరికిన మొదళ్ల చిగుళ్లను పెరగనివ్వాలని ఊరివాళ్లే అనుకున్నారు. నాటడం కన్నా ఇది చవక. పాత వేళ్లు లోతుగా ఉంటాయి కాబట్టి ఎండకు కూడా బాగా తట్టుకుంటాయి.

కందకాలకు అందరూ సరే అన్నారు. గొడవంతా మేత దగ్గరే. భూమి లేక మేకల మీద బతికేవాళ్లే ఎక్కువ నష్టపోతారు, మీటింగులో నోరు విప్పనిదీ వాళ్లే. నా టెన్షన్ ఇదే. నియమాలు పాటించేవాళ్లకు వాటిని మార్చే వీలుండాలని ఉమ్మడి వనరుల మీద పరిశోధనకు 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ పొందిన ఎలినార్ ఆస్ట్రమ్ చెప్పింది. సరే, కానీ మాట్లాడనివాళ్ల చేత మాట్లాడించేదెలా?

ఇలాంటి చోట పనిచేసినవాళ్లు చెప్పండి. వాలును ముక్కలు చేసి వంతులవారీగా మేతకు మూస్తే ఒప్పుకున్నారా? ఒక్కో ముక్కను ఎన్నేళ్లు మూశారు? ఇంకొకటి, ఊట ధారను బకెట్, గడియారంతో కొలుస్తున్నాం. దాంతో పాటు వాన లెక్క కూడా రోజూ రాయాలా?