‘నీరము తప్తలోహమున’ పద్యంలో సముద్రం ఎక్కడ?

మాస్టారూ, శ్రీకాకుళం తీరం నుంచి ఏరి తెచ్చుకున్న రాళ్ల మీద, చిప్పల మీద పద్యాలు రాయమని ఏనుగు లక్ష్మణకవి పద్యాన్ని ఒరవడిగా పెట్టారు. ఒరవడి మీద నాకు పేచీ లేదు. మనవాళ్లు నీతి చెప్పే దాని నాలుగో పాదాన్ని మాత్రమే అందుకున్నారని నా ఫిర్యాదు. గులకరాయి కనబడగానే ఓర్పు, చిప్ప కనబడగానే సత్సాంగత్యం! అది ఏ ఏటి రాయో ఒక్కరూ చెప్పలేదు. నాగావళి రాయికీ వంశధార రాయికీ తేడా లేనప్పుడు అంత దూరం వెళ్లి వంగి ఏరడం దేనికి?

పద్యం మళ్లీ చూడండి:

నీరము తప్తలోహమున నిల్చి యనామకమై నశించు, నా
నీరమె ముత్యమట్లు నళినీదళసంస్థితమై తనర్చు, నా
నీరమె శుక్తిలోఁబడి మణిత్వముఁ గాంచు సమంచితప్రభన్
బౌరుషవృత్తు లిట్లధము మధ్యము నుత్తముఁ గొల్చువారికిన్

మూడు పాదాలూ ‘నీర’తోనే మొదలవుతాయి. ఉత్పలమాల అనే ఈ వృత్తంలో ప్రాసకు పాదాల రెండో అక్షరం కలిస్తే చాలు కాబట్టి వేరే మాటలు వెతుక్కోవచ్చు, కవి వెతకలేదు. నీరు అదే, చోటు మారుతోంది: కాలిన ఇనుము, తామరాకు, ముత్యపుచిప్ప. ‘ఆ నీరమె’ అన్నదాన్ని విరిచి, సంధిలో ‘నా’ అయిన ‘ఆ’ను పాదం చివర వేలాడదీసి, తరువాతి పాదంలోకి నీటిబొట్టును జార్చాడు. నాలుగో పాదానికి వచ్చేసరికి నీరు పోయి మనుషులు వచ్చారు. నీతి అక్కడ మొదలైంది, నా వరకు కవిత్వం అంతకు ముందే అయిపోయింది.

ఇంకొకటి. ఈ పద్యానికి మూలమైన భర్తృహరి సంస్కృత శ్లోకంలో ‘సాగరశుక్తి’, అంటే సముద్రపు చిప్ప, ఉంది. కొన్ని పాఠాల్లో ఆ చినుకు పడే స్వాతి నక్షత్రం కూడా ఉంది. తెలుగులో రెండూ జారిపోయాయి, ఒట్టి ‘శుక్తి’ మిగిలింది. లక్ష్మణకవికి ఛందస్సులో చోటు చాలలేదేమో కానీ, వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నంలో ఇసుక దులుపుకుని వచ్చినవాళ్లు కూడా సముద్రాన్ని వదిలేస్తే ఎలా?

పైగా వానచినుకు ముత్యం కావడం కవిసమయమే, కవులు అలా అనుకుని రాసుకునే మాటే. చిప్పలోకి చొరబడిన పరాయి నలుసు చుట్టూ, లేదా గాయపడిన చోట, ఆ జీవి పొర మీద పొర పేర్చుకుంటూ పోతే ముత్యం. ముత్యపుచిప్ప లోపలి మెరుపూ ఆ పదార్థమే. అంటే ముత్యం దొరకని చిప్పలోనూ ముత్యానికి కావలసిన సరుకంతా ఉంది. నాకు పద్యం అక్కడ దొరికింది.

(ఏరేవారికి ఒక మాట: కొన్ని జాతుల గవ్వలకు, శంఖాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. లోపల ప్రాణి ఉన్నదాన్ని అసలు తీయవద్దు.)

నా ఆటవెలది:

మెరుపుపొరయె మిగిలె మెత్తని యిసుకలో
ముత్యమేదొ కడలి ముందె దోచె
చిప్ప చాలు నాకు చిన్నదే యైనను
వంశధార కలియు వంక దొరకె

మూడో పాదంలో ‘చిన్నదే యైనను’ యతి కోసం, అంటే పాదం మొదటి ‘చి’తో అక్షరం కలవడం కోసం, వచ్చి కూర్చుందని మీరు అంటారు, అనండి. యతి చెడకుండా ఇంతకంటే బిగువైన పాదం ఎవరికైనా తోస్తే కింద రాయండి. ఊరు పేరో ఏటి పేరో లేని పద్యాలు మాత్రం ఈసారికి వద్దు.