రాజుని దించీసినంత మాత్రాన దేశం మారిపోద్దా? నేపాల్ సంగతి మాట్లాడుకుందాం రండి

గంటస్తంభం_విజయనగరం
నిన్న సాయంత్రం గంటస్తంభం దగ్గర టీ బడ్డీలో మొదలైన గొడవ ఇది, అక్కడ తెగలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను. నేపాల్‌లో 2006లో జనం రోడ్డెక్కారు, 2008లో 240 ఏళ్ళ రాజరికం పోయింది, సరే. తరవాత ఏటైంది? ఒక్క ప్రధానమంత్రి కూడా అయిదేళ్ళు నిండా కుర్చీలో కూచోలేదు. 2025 మార్చిలో రాజు మళ్ళీ రావాలని ఖాట్మండులో జనం ఊరేగారు, సెప్టెంబర్‌లో కుర్రాళ్ళు రోడ్డెక్కితే పోలీసులు కాల్చారు, మర్నాడు ప్రభుత్వ ఆఫీసులుండే సింహదర్బారు, పార్లమెంటు తగలబడ్డాయి, ప్రధాని ఓలీ దిగిపోయాడు. మరి రాజుని దించి సాధించిందేటి? మన విజయనగరం రాజులే 1919లో సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసు గారిని ప్రిన్సిపాల్‌గా కూచోబెట్టారు, అలాంటి రాజులు కూడా ఉంటారు కదా. రాజు అన్నవాడే ఉండకూడదనడం తొందరపాటని నా అభిప్రాయం. కాదంటే ఎందుకు కాదో చెప్పండి.

బొబ్బిలి_కుర్రాడు
అన్నా నాదీ ఇదే డౌటు. అసలు ఆ రాజుని దించింది జనమా, మావోయిస్టులా, ఢిల్లీయా? ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారు.

నాగావళి_గట్టు
ముందు ఆ రాజు ఎలాంటోడో చెప్పాలి. 2001 జూన్ 1న రాజభవనంలోనే బీరేంద్ర, ఆయన కుటుంబం కాల్పుల్లో చనిపోతే తమ్ముడు జ్ఞానేంద్ర గద్దెక్కాడు. 2005 ఫిబ్రవరి 1న ప్రభుత్వాన్ని తీసీసి అధికారమంతా తనే పట్టుకున్నాడు, ఫోన్లు కట్ చేయించాడు, నాయకుల్ని ఇళ్ళల్లో నిర్బంధించాడు. ఈయన్ని సంగీత కాలేజీ పెట్టిన రాజుతో పోల్చడం న్యాయం కాదు గంటస్తంభం గారూ. మన రాజులకి అప్పటికే సొంత సైన్యంతో దేశాన్ని ఏలే అధికారం లేదు, పైన బ్రిటిషోడు ఉన్నాడు. నేపాల్ రాజు చేతిలో మొత్తం సైన్యం ఉంది, దాని పేరే రాయల్ నేపాల్ ఆర్మీ.

ఇక ఎవరు దించారన్నది. 1996 ఫిబ్రవరిలో రోల్పా, రుకుం వైపు మావోయిస్టులు యుద్ధం మొదలెట్టారు, పదేళ్ళు నడిచింది, 13 వేల మంది పైన చనిపోయారు, ఊళ్ళు వాళ్ళ చేతిలోకి వచ్చాయి గాని ఖాట్మండు రాలేదు. 2005 నవంబర్‌లో రాజుకి ఎదురు నిలిచిన ఏడు పార్టీలూ మావోయిస్టులూ కలిసి ఢిల్లీలో 12 అంశాల ఒప్పందం చేసుకున్నారు. తరవాత 2006 ఏప్రిల్ 6న సమ్మె మొదలైంది. కర్ఫ్యూ పెడితే ఖాట్మండు చుట్టూ ఉన్న రింగ్ రోడ్డు మీదకి జనం వచ్చి నిలబడ్డారు, డాక్టర్లు లాయర్లు ప్రభుత్వ ఉద్యోగులు కూడా దిగారు, కాల్పుల్లో మనుషులు చనిపోయినా మర్నాడు ఇంకా ఎక్కువ మంది వచ్చారు. ఏప్రిల్ 21న రాజు అధికారం మీకే ఇచ్చేస్తాను ప్రధాని పేరు చెప్పండి అంటే పార్టీలు ఒప్పుకోలేదు, ఎందుకంటే రోడ్డు మీదున్న జనం ఒప్పుకోరని వాళ్ళకి తెలుసు. 24 అర్ధరాత్రి పాత పార్లమెంటుని తిరిగి పెట్టక తప్పలేదు. 19 రోజులు. పదేళ్ళ తుపాకీకి లొంగనోడు 19 రోజుల జనానికి లొంగాడు, నా దృష్టిలో ఇదే అసలు సంగతి.

సీతంపేట_కొండ
మాస్టారూ ఒక్క మాట. మా ఏజెన్సీలో 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్నలని కాల్చి చంపినాక గిరిజనుల ఉద్యమం సాయుధ పోరాటంలోకి వెళ్ళిపోయింది, 1970 జూలైలో దాని నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం పోయారు, దాంతో దాని నడుం విరిగిపోయింది. అందుకని తుపాకీ సంగతి ఊరికే మాట్లాడలేను, మా ఊళ్ళల్లో ముసలోళ్ళు ఇప్పటికీ ఆ రోజులు గొంతు తగ్గించే చెప్తారు. కాని నేపాల్‌లో ఆ ఏడింటిలో పెద్ద పార్టీలేవీ మొదట్లో రాజు వద్దు అన్లేదు, రాజుని రాజ్యాంగానికి లోబడి ఉంచుదాం అన్నారంతే. కొత్త రాజ్యాంగం రాసే రాజ్యాంగ సభ కావాలి అని పట్టుబట్టింది మావోయిస్టులే. జనమే దించారు సరే, కాని ఏటి అడగాలో ఆ జనానికి చెప్పింది ఎవులు?

నాగావళి_గట్టు
ఒప్పుకుంటాను. రాజ్యాంగ సభ అన్న డిమాండు వాళ్ళదే. కాని అడవి వదిలి పార్టీలతో చేయి కలిపినాకే అది అందరి డిమాండు అయింది. నేపాలీ కాంగ్రెస్ కూడా 2005లోనే తన నియమావళిలోంచి రాజు మాట తీసీసింది, అదీ జ్ఞానేంద్ర చేసిన పని చూసినాకే. చివరికి 2008 మే 28న సభలో ఓటు పెడితే 560 మంది రాజు వద్దన్నారు, 4 మంది కావాలన్నారు. జూన్ 11న ఆయన నారాయణహితి భవనం వదిలి వెళ్ళాడు, ఆ భవనం ఇప్పుడు మ్యూజియం. ఇంగ్లండులో, ఫ్రాన్సులో, రష్యాలో రాజు ప్రాణం తీసారు, ఇక్కడ రాజు తన దేశంలోనే మామూలు మనిషిగా బతుకుతున్నాడు, అది చిన్న సంగతా?

గంటస్తంభం_విజయనగరం
అదంతా సరే, నేను అడిగిందానికి జవాబు రాలేదు. దించడం తెలిసింది. మారిందేటి? వెట్టి కింద ఉన్న కమయ్యాలని విడిపించింది 2000 జూలైలో, అంటే రాజు ఉన్నప్పుడే. భూమి పంచారా? లేదు. మావోయిస్టులు ఆక్రమించిన భూములు కూడా తిరిగిచ్చేమన్నారు. ఇంకో సంగతి, సిరిమానోత్సవం నాడు సిరిమాను కోట దాకా మూడుసార్లు తిరుగుతాది, రాజకుటుంబం బురుజు మీద కూచుని చూస్తాది, లక్షల మంది వస్తారు, అధికారం పోయినా మన మనసుల్లో ఆ చోటు అలాగే ఉంది కదా. నేపాల్ జనానికి మాత్రం ఉండదేటి?

నాగావళి_గట్టు
ఉంటాది. అక్కడ ఇంద్రజాత్ర పండక్కి, దేవతగా కొలిచే చిన్నపిల్ల కుమారి చేత రాజు బొట్టు పెట్టించుకునేవాడు, ఇప్పుడు ఆ పని రాష్ట్రపతి చేస్తున్నాడు. పండగ అలాగే ఉంది, తల వంచే మనిషి మారాడు, అంతే తేడా. మొదటి రాష్ట్రపతి రాంబరణ్ యాదవ్, మన బిహారుని ఆనుకున్న మధేశ్ రైతు బిడ్డ, డాక్టరు. రాజు ఉన్న రోజుల్లో మధేశీలని మీరసలు నేపాలీలేనా అనేవాళ్ళు.

భూమి సంగతి మీరన్నది నిజం, అది వాళ్ళ తప్పే. మన దగ్గరా అంతే కదా, 1940 ఏప్రిల్ 1న మందస జమీందారీలో అడవి కట్టెలు తెచ్చుకున్నందుకు కేసులు పెట్టి అరెస్టులకి వస్తే జనం అడ్డం నిలబడ్డారు, గుడారి రాజమణిపురం దగ్గర పోలీసులు కాల్చారు, రైతు మహిళ గున్నమ్మ అక్కడే ప్రాణం విడిచింది. 1948లో మద్రాసు శాసనసభ ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చింది, జమీందారు పోయాడు. మందస చుట్టుపక్కల ఎవరిని అడిగినా గున్నమ్మ పేరు చెప్తారు. ఆవిడా ఆ రైతులూ నిలబడకపోతే మద్రాసులో కూచున్నవాళ్ళకి ఆ చట్టం గుర్తొచ్చేదా?

బొబ్బిలి_కుర్రాడు
గున్నమ్మ గురించి మా స్కూల్లో ఒక్క పాఠం లేదు. 1757 బొబ్బిలి యుద్ధం మాత్రం ప్రతీ ఏడాదీ చెప్పారు.

సోంపేట_దోహా
నేను ఖతార్ నుంచి రాస్తున్నాను, డ్యూటీ దిగి వచ్చాను, తప్పులుంటే ఏమీ అనుకోకండి. మా రూములో ఆరుగురం, నలుగురు మన ఉద్దానం వాళ్ళం, ఇద్దరు నేపాలీలు, ఒకతను దళితుడు, అతనూ నేనూ మూడేళ్ళుగా ఒకే బంకు మంచం, అతను పైన నేను కింద. గంటస్తంభం గారన్న ప్రశ్నే నేను అతన్ని అడిగాను, రాజు పోయినాక కూడా మీరు ఎడారికే వచ్చారు కదా అని. అతనన్నాడు మా నాన్న రాజు ఉన్నప్పుడు ఇండియా వెళ్ళి హోటల్లో అంట్లు తోమాడు, నేను దోహా వచ్చాను, ఇందులో మార్పేమీ లేదు. తరవాత ఫోన్ తీసి ఒక ఫోటో చూపించాడు. వాళ్ళ పిన్ని, ఎర్ర చీర, మెడలో బంతిపూల దండ, ముఖమంతా ఎర్ర రంగు. 2017 స్థానిక ఎన్నికల్లో ప్రతీ వార్డుకి ఒక దళిత స్త్రీ సభ్యురాలు ఉండాలని రూలు పెట్టారు, అలా దేశమంతా ఆరు వేల మందికి పైగా గెలిచారు, అందులో ఈవిడొకరు. వాళ్ళ ఊళ్ళో ఆవిడ చిన్నప్పుడు కుళాయి ముట్టుకోనిచ్చేవాళ్ళు కాదంట. ఇప్పుడు ఆ కుళాయికి డబ్బులు శాంక్షన్ అవ్వాలంటే మీటింగులో ఆవిడ కూడా కూర్చుంటాదంట.

సెప్టెంబర్‌లో ఖాట్మండు తగలబడినప్పుడు రెండు రాత్రులు పడుకోలేదు అతను, తమ్ముడు అక్కడే చదువుతున్నాడు. రాజు మళ్ళీ రావాలా అని అడిగితే ఆ కుర్రాళ్ళు రాజుని అడగలేదు, లంచం తినని ప్రభుత్వాన్ని అడిగారు అన్నాడు. మాజీ చీఫ్ జస్టిస్ సుశీలా కార్కీ తాత్కాలిక ప్రధాని అయిన రోజు రూములో అందరికీ టీ పెట్టాడు.

గంటస్తంభం_విజయనగరం
కుళాయి సంగతి నాకు తెలీదు తమ్ముడూ. దీనికి వెంటనే జవాబు చెప్పలేను. స్థిరత్వం లేదన్న నా మాట మాత్రం వెనక్కి తీసుకోను, ప్రభుత్వం ఏడాదికోసారి మారిపోతే ఆ కుళాయికి శాంక్షనైన డబ్బులు ఊరికి చేరతాయా అన్నది కూడా మీ ఫ్రెండుని అడుగు.

సోంపేట_దోహా
అడుగుతాను గురువుగారూ. అతను నైట్ షిఫ్టులో ఉన్నాడు, పొద్దున్న వచ్చాక రాస్తాను.