నాన్నకి సీవోపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు), ఈమధ్య మతిమరుపు: ఆక్సిజన్ తగ్గడం వల్లేనా?

ప్రశ్న (కొత్తపేట, గుంటూరు):
మా నాన్నకి 69. మిర్చి యార్డులో గుమాస్తాగా చేశారు. టిక్కీల (మిర్చి బస్తాల) తూకం, ధర, కమీషన్ అన్నీ నోటిలెక్కే. అలాంటి మనిషి మొన్న పాల లెక్క కాగితం మీద వేసి, కొట్టేసి, మళ్లీ వేశారు. ఇన్‌హేలర్ పీల్చిన పావుగంటకే "పీల్చానా అమ్మాయ్?" అంటారు. ఆక్సీమీటర్‌లో కూర్చుంటే 87, స్నానం చేసొస్తే 82. పొద్దున లేవగానే తలనొప్పి. ఆక్సిజన్ మిషన్ ఉంది, చప్పుడుకి నిద్ర పట్టట్లేదని రాత్రిపూట ఆపేస్తారు. అమ్మేమో వయసు కదా అంటుంది.

జవాబు (విజయవాడ, ఛెస్ట్ వార్డులో నర్సుని):
వయసు మీదకి నెట్టేయకండి మేడమ్. మెదడు బరువు ఒంట్లో 2 శాతమే, వాడుకునే ఆక్సిజన్ మాత్రం 20 శాతం దాకా. నిద్రలో ఆక్సిజన్ ఇంకా పడిపోతుంది, మీవాళ్లు సరిగ్గా అప్పుడే ఆపేస్తున్నారు! ఇంట్లో ఆక్సిజన్ రాసిచ్చినవాళ్లకి రోజుకి కనీసం 15 గంటలు ఉండాలి. అలాగని నాబ్ తిప్పి పెంచేయకండి. పొద్దున తలనొప్పంటే కార్బన్ డయాక్సైడ్ నిలిచిపోతోందేమో, ఆక్సిజన్ ఎక్కువైతే అది ఇంకా పెరగొచ్చు. ఇలాంటివాళ్లకి ఆక్సీమీటర్‌లో 88 నుంచి 92 మధ్య ఉంటే చాలంటారు. మణికట్టు దగ్గర రక్తం తీసి అందులో ఈ రెండూ ఎంతున్నాయో చూసే ఏబీజీ పరీక్ష అడగండి. బీ12, థైరాయిడ్ కూడా చూపించండి, మరుపుకి అవీ కారణం కావొచ్చు.

జవాబు (పటమట):
మా అమ్మకి కట్టెల పొయ్యి పొగ వల్ల వచ్చిందండి. పొడవు ట్యూబు వేయించి మిషన్ హాల్లోకి మార్చాం, చప్పుడు గొడవ తీరింది. మరుపు మొత్తం పోలేదు. కానీ రాత్రి చూసిన సీరియల్ పొద్దున చెప్తోంది ఇప్పుడు. ఇన్‌హేలర్ పీల్చగానే గోడ క్యాలెండర్ మీద టిక్కు పెట్టించండి.

ప్రశ్న అడిగినావిడ, పది రోజుల తర్వాత:
ఏబీజీలో కార్బన్ డయాక్సైడ్ 58 వచ్చింది, ఎక్కువే. ఆయాసం చూడలేక అమ్మ ఒకటి మీదున్న నాబ్‌ని పగలు మూడుకి తిప్పేదట! డాక్టరు గారు మళ్లీ ఒకటికి తెచ్చి, రాత్రికి బైపాప్ (మాస్కుతో ఊపిరికి సాయంచేసే మిషన్) రాశారు. మాస్కు పెట్టుకోవడానికి రోజూ పేచీయే. తలనొప్పి తగ్గింది, లెక్కల సంగతి ఇంకా తెలియదు. టిక్కులు పెడుతున్నారు, ఒక్కోరోజు రెండుసార్లు. చుట్ట మానేసి రెండేళ్లయిందనుకున్నాం, నిన్న దిండు కింద అగ్గిపెట్టె దొరికింది, ఆక్సిజన్ ట్యూబు పక్కనే.