అప్‌డేట్: అమ్మ షుగర్, గర్భాశయ లోపలి పొర బయాప్సీ ఫలితం

కావలిలో ఉంటున్న మా అమ్మకు ముట్లుడిగిన చాలా ఏళ్లకు మళ్లీ రక్తస్రావం కనిపించిందని, ఆమె షుగర్‌కూ గర్భాశయ లోపలి పొర క్యాన్సర్‌కూ సంబంధం ఉందా అని ఇదివరకు అడిగాను. ఉందనే నెల్లూరు డాక్టరమ్మ చెప్పారు. టైప్ 2 మధుమేహం ఉన్నవారిలో ఈ ముప్పు సుమారు రెట్టింపు వరకు ఉంటుందని, రక్తంలో ఎక్కువైన ఇన్సులిన్ ఆ పొర కణాల పెరుగుదలను ప్రేరేపిస్తుందని, బరువు కూడా తోడైతే ముట్లుడిగాక సైతం కొవ్వులో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తయారవుతూ, దానిని అదుపుచేసే ప్రొజెస్టిరాన్ అనే మరో హార్మోన్ లేక పొర మందమవుతుందని ఓపికగా వివరించారు. వేడి చేసిందిలే అని ఇంట్లో పెద్దవాళ్లు సరిపెట్టబోయారు కానీ, ముట్లుడిగాక ఒక్క చుక్క కనిపించినా పరీక్ష తప్పనిసరి.

స్కానింగ్‌లో పొర మందం 4 మిల్లీమీటర్లు దాటినందున బయాప్సీ (పరీక్ష కోసం పొర నుంచి చిన్న ముక్క) తీశారు. క్యాన్సర్ లేదు, పొర అతిగా పెరిగినా కణాలలో ప్రమాదకరమైన మార్పులు లేవు. ప్రొజెస్టిరాన్ మందు మొదలుపెట్టారు, కొన్ని నెలలకు మళ్లీ బయాప్సీ చేస్తారు.